ఎడారిలో ఏకాంతం, ఎక్సెల్ షీట్లో పద్దెనిమిది వరసలు

మొన్నామధ్య మా టీములో కొత్తగా పెళ్ళైన కుర్రాడొకడు కాఫీ మిషను దగ్గర నన్ను పట్టుకున్నాడు. "అన్నా, మీరు రెండుసార్లు జైసల్మేర్ వెళ్ళొచ్చారంట కదా, ప్లాన్ ఉంటే మెయిల్ కొట్టండన్నా" అన్నాడు. చేతిలో ఫోను, ఫోన్లో ఎవరో ట్రావెల్ ఏజెంటు పంపిన పీడీఎఫ్. "జంటల కోసం ప్రత్యేకం" అని బంగారు రంగు అక్షరాలు, కింద ఇసకతిన్నె మీద ఓ జంట వీపులు, వాళ్ళకి ఎదురుగా ములుగుతున్న సూర్యుడు. రెండు రాత్రులు, మూడు పగళ్ళు. ఒంటె సవారీ, జీపులో ఇసకతిన్నెల మీద దౌడు, జానపద నృత్యం, డీజే, కొవ్వొత్తుల వెలుగులో భోజనం, మంచం మీద గులాబి రేకులు, తువాళ్ళు మడిచి చేసిన రెండు హంసలు.

అక్కడికక్కడే చెప్పాల్సింది చాలా ఉంది గానీ అప్పటికే నాకు స్టేటస్ కాల్ టైమైంది. అందుకే తీరిగ్గా ఇలా మొదలెట్టా. ముందే చెప్పేస్తున్నా, ఇందులో సలహా కంటే నా సోదే ఎక్కువ.

మొదటిసారి వెళ్ళింది 2017 డిసెంబర్ ఆఖర్లో. పెళ్ళై ఆరేళ్ళు. మన వృత్తిలో వాళ్ళందరికీ సెలవులు ఒకేసారి వస్తాయి కదా. అమెరికా వాడు క్రిస్మస్‌కి కోడ్ ఫ్రీజ్ పెడతాడు, ఇక్కడ హైటెక్ సిటీ మొత్తం సూట్‌కేసులు సర్దుకుంటుంది. నేనూ సర్దాను. దానికంటే ముందు ఎక్సెల్ షీటొకటి చేశాను. పద్దెనిమిది వరసలు. సమయం, పని, ఖర్చు, బాధ్యత ఎవరిది, ప్లాన్ బి. "సూర్యాస్తమయం ఫోటోలు" అనేది పదకొండో వరస. దానికి నలభై నిమిషాలు కేటాయించాను. మా ఆవిడ కూడా సాఫ్ట్‌వేరే, టెస్టింగు. షీటు చూసి "ఇందులో ఖాళీ ఎక్కడుంది?" అంది. జోకేసిందనుకుని నవ్వాను. అది బగ్ రిపోర్టని నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

జైసల్మేర్ నుంచి పడమటగా దాదాపు నలభై కిలోమీటర్లు పోతే సమ్ అనే ఊరు, దాని పక్కన ఇసకతిన్నెలు. మన సినిమాల్లో, ప్రకటనల్లో, పీడీఎఫుల్లో కనబడే ఎడారి చాలావరకు ఇదే. థార్ ఎడారంతా తిన్నెలే అనుకుంటాం గానీ ఎక్కువ భాగం రాళ్ళు, ముళ్ళ పొదలు, గడ్డి. అందుకే ఆ కాస్త తిన్నెల దగ్గరికే అందరూ చేరతారు. రోడ్డుకి రెండువైపులా వరసగా గుడారాల క్యాంపులు. న్యూ ఇయర్ కదా, మా క్యాంపులో ఒక డీజే, పక్క క్యాంపులో ఇంకో డీజే, ఆ పక్కన మూడోది. ముగ్గురూ మూడు వేరు వేరు పాటలు. మధ్యలో జనరేటర్. సాయంత్రం తిన్నె మీద జనాన్ని చూస్తే సంక్రాంతి పూట శిల్పారామం గుర్తొచ్చింది.

ఒంటెలు ఎక్కాం. ఆవిడొకటి, నేనొకటి. (ఎక్కబోయే వాళ్ళకి ఒక చిట్కా: ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు లేపుతుంది, మీరు ముందుకి తూలతారు. వెనక్కి వాలి కూర్చోండి. కూర్చునేటప్పుడు ముందు కాళ్ళు మడుస్తుంది, అప్పుడూ అంతే.) ఓ పది నిమిషాలు పోయామో లేదో నా ఫోను మోగింది. ప్రొడక్షన్లో ఏదో పడిపోయింది. ఫ్రీజులో ఉన్న కోడు ఎలా పడిపోయిందని అడక్కండి. ఒంటె దిగి, "నువ్వు పద, ఐదు నిమిషాల్లో వచ్చేస్తా" అని చెప్పి సిగ్నల్ వెతుక్కుంటూ రోడ్డు వైపు పోయాను. ఆ ఐదు నిమిషాలు గంటా ఇరవై నిమిషాలు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. ఆవిడ తిన్నె మీద రెండు టీ గ్లాసులు పక్కన పెట్టుకుని కూర్చునుంది. రెండూ చల్లారిపోయాయి. ఒంటె వాడు కాస్త దూరంలో నిలబడి, ఆమెని ఒక్కత్తినీ వదిలి పోలేక, ఇంటికీ పోలేక అవస్థ పడుతున్నాడు. పైగా చలి. నా షీట్లో "ఎడారి" అని చూసి ఇద్దరికీ నూలు బట్టలే సర్దాను.

ఇక్కడొక ముక్క చెప్పాలి. చదువుకున్న వాళ్ళం, అయినా ఇది మనకి తట్టదు. ఎడారి గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బులుండవు. పగలు నేల తాగిన వేడిని రాత్రి పట్టి ఉంచే దుప్పటి ఏదీ ఉండదు. పైగా ఇసక వేడిని లోపలికి సరిగ్గా పోనివ్వదు, పై పొరే కాలుతుంది, పొద్దుగుంకగానే ఆ పొరే చల్లారిపోతుంది. డిసెంబర్, జనవరిలో పగలు హాయిగా ఇరవై పైన ఉంటుంది, తెల్లవారుజామున ఐదారుకి కూడా దిగుతుంది. మే నెలలో నలభై ఐదు దాటడం మామూలే, అప్పుడు ఎవరూ వెళ్ళకండి. అక్టోబర్ చివర నుంచి మార్చి మొదటి దాకా, అంతే.

సరే, ఆ రాత్రి కొవ్వొత్తుల భోజనం ఉంది కదా, డబ్బు కట్టేశాం కదా. ఆరుబయట బల్ల వేశారు. ఎడారిలో గాలి వీస్తుందని వాళ్ళకి తెలియదనుకోను. కొవ్వొత్తి ఆరిపోవడం, వెయిటరు పరిగెత్తుకొచ్చి వెలిగించడం, నాలుగుసార్లు. ఐదోసారి మా ఆవిడే "వదిలెయ్యి భయ్యా" అంది. తర్వాత నాతో అన్న మాట ఒక్కటే: "ఇంట్లోనూ ఇంతే కదా, ఇక్కడ చలి ఎక్స్‌ట్రా."

ఆ తర్వాత చాలా కాలం మేం ఒకే ఇంట్లో రెండు షిఫ్టులు. నేను అమెరికా టైము, ఆవిడ పగటి టైము. వాట్సాప్‌లో మాటలు తిరగేస్తే "పాలు తీసుకున్నా", "గ్యాస్ వాడొచ్చాడు", "తాళం కింద ఇచ్చా" ఇవే ఉంటాయి. జైసల్మేర్ వల్ల అలా అయిందని అనను. అలా ఉంది కాబట్టే జైసల్మేర్ అలా అయింది.

ఇప్పుడు నా గొడవేంటంటే ఈ ప్యాకేజీల మీద. ఎడారికి జంటగా ఎందుకు పోవాలి? అక్కడ ఏమీ లేదు కాబట్టి. చూడ్డానికి తిన్నె, ఆకాశం, పక్కన మనిషి. ఊటీలో అయితే తోట చూడొచ్చు, గోవాలో అయితే నీళ్ళలో దూకొచ్చు, పక్క మనిషితో మాట్లాడకుండా మూడు రోజులు గడిపేసే సౌకర్యం ఉంది. ఎడారిలో అది కుదరదు. కానీ ఏజెంటుకి ఖాళీని అమ్మడం చేతకాదు, మనకి ఖాళీకి డబ్బివ్వడం చేతకాదు. సర్వర్ ఊరికే పడుంటే ప్రాణం విలవిల్లాడే జాతి మనది. అందుకని వాడు ఆ ఖాళీ నిండా జీపు, డీజే, హంసలు కుక్కేస్తాడు. మనం ఎన్ని ఐటమ్సొచ్చాయో లెక్కపెట్టుకుని, తక్కువైతే బేరమాడతాం. పోయిన పని మాత్రం అక్కడే ఉండిపోతుంది.

దుబాయ్ సంగతేంటని అడిగేవాళ్ళుంటారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడానికి బ్రహ్మాండం. సాయంత్రం తీసుకెళ్ళి, జీపులో ఊపి, కబాబులు పెట్టి, రాత్రి హోటల్లో దింపేస్తారు. ఏకాంతం అంటారా, నలభై జంటల మధ్య ఎంత కుదిరితే అంత. అమెరికాలో ఉన్నవాళ్ళకి వేగాస్ నుంచి రెండు మూడు గంటల్లో డెత్ వ్యాలీ ఉంది. 1913 జులైలో 56.7 డిగ్రీలు నమోదైన చోటు, కాబట్టి అక్కడా చలికాలమే. రాత్రి ఆకాశానికి పేరు పడ్డ పార్కు. మనవాళ్ళు మధ్యాహ్నం పోయి, ఉప్పు మైదానంలో రెండు ఫోటోలు దిగి, చీకటి పడకముందే మళ్ళీ వేగాస్ దీపాల్లోకి పరిగెడతారు.

రెండోసారి 2023 ఫిబ్రవరిలో వెళ్ళాం. ఈసారి ప్లాను ఆవిడది. షీటు లేదు. గోడ మీద తెలుగు క్యాలెండర్ తీసి ముందు పెట్టుకుంది. ఫిబ్రవరి 5 మాఘ పౌర్ణమి. పౌర్ణమికి జైసల్మేర్లో ఎడారి ఉత్సవం, ఊరంతా జనం. కాబట్టి అది దాటాలి. అసలు వెన్నెల కావాలా, చుక్కలు కావాలా? నిండు వెన్నెల్లో తిన్నెలు బావుంటాయి గానీ చుక్కలు కనపడవు. అమావాస్యకి చుక్కలుంటాయి గానీ తిన్నెలు కనపడవు. పౌర్ణమి తర్వాత చంద్రుడు రోజూ ఇంచుమించు ముప్పావు గంట, గంట ఆలస్యంగా వస్తాడు. బహుళ చవితి నాడైతే ముందు చీకటి, తర్వాత వెన్నెల, రెండూ ఒకే రాత్రి. ఇది ఆవిడకి ఎలా తట్టిందంటే, మా అత్తగారు సంకటహర చతుర్థికి చంద్రుణ్ణి చూసి గానీ తినరు. చిన్నప్పుడు ఆకలితో డాబా మీద చంద్రుడి కోసం కాపలా కాసిన అనుభవం. ఆ లెక్కన ఫిబ్రవరి 9, గురువారం. వారం మధ్యలో కాబట్టి జనం కూడా తక్కువ.

ఆన్‌కాల్ సంగతి నేను చూసుకున్నాను. అంతకుముందు సంక్రాంతి మూడు రోజులూ నేను తీసుకుని, ఫిబ్రవరి వారం ఇంకొకరికి ఇచ్చాను. మా మేనేజర్‌కి "అక్కడ సిగ్నల్ ఉండదు" అని చెప్పాను. ఉంటుంది. మీలో ఎవరైనా ఆయనకి తెలిసినవాళ్ళుంటే ఈ పేరా వదిలెయ్యండి.

సమ్ కాకుండా ఖూరీ అనే ఊరికి పోయాం, జైసల్మేర్‌కి నైరుతిగా, అదీ నలభై యాభై కిలోమీటర్ల దూరమే. గుడారం కాదు, ఒక కుటుంబం వాళ్ళ ఇంటి ఆవరణలో కట్టిన మట్టి గుడిసె. బుక్ చేసే ముందు మా ఆవిడ ఫోన్లో అడిగినవి మూడే ప్రశ్నలు. మైకు ఉంటుందా? ఆ రోజు మొత్తం ఎంతమంది ఉంటారు? రాత్రి దీపాలన్నీ ఆపేయమంటే ఆపుతారా? మూడో ప్రశ్నకి అవతలి పెద్దాయన కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత "కరెంటే ఆపేస్తుంది బేటీ" అన్నాడట.

భోజనం వాళ్ళింట్లోనే. బాజ్రా రొట్టె అంటే మరేం కాదు, మన సజ్జ రొట్టె. దాంతోబాటు కేర్ సాంగ్రీ అనే కూర. కేర్ అనేది ముళ్ళ పొదకి కాసే చిన్న కాయ, సాంగ్రీ అంటే ఖేజ్రీ చెట్టు కాయలు ఎండబెట్టినవి. ఆ ఖేజ్రీ ఏదో కాదండీ, మన జమ్మి చెట్టు! రాజస్థాన్‌కీ అదే రాష్ట్ర వృక్షం, తెలంగాణకీ అదే. దసరాకి మనం ఆకు కోసి బంగారం అని చేతిలో పెట్టి కాళ్ళకి దణ్ణం పెడతాం, వాళ్ళు కాయ కోసి కూర వండుతారు, ఆకు మేకలకి వేస్తారు, కరువులో బెరడు కూడా తిన్నారు. మా ఆవిడ వచ్చీరాని హిందీలో మేం ఆ చెట్టుకి పూజ చేస్తామని చెప్తే ఆ ఇంటి పెద్దావిడ చాలా సంబరపడి ఇంకో గరిటె వేసింది. దారిలో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊరుంది. 1730లో రాజుగారి మనుషులు కోట పనికి సున్నం కాల్చడానికి అక్కడ జమ్మి చెట్లు కొట్టబోతే, అమృతాదేవి అనే బిష్ణోయి ఆవిడ చెట్టుని కావలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆవిడ వెనక మొత్తం 363 మంది. మనమేమో విల్లాల ప్లాట్లు చదును చేయించేటప్పుడు మొదట జమ్మినే పీకిస్తాం. సరే, అది వేరే గొడవ.

ఎనిమిదింటికి దీపాలు ఆపేశారు. పడమట శుక్రుడు, కాస్త పైన గురుడు, రెండూ అప్పటికే దిగిపోతున్నాయి. నడినెత్తిన ఎర్రగా కుజుడు, అల్లంత దూరంలో పిల్లలకోడి, ఇవతల గొల్లకావిడి. ఈ పేర్లు నాకు మా తాతగారి దగ్గర నేర్చుకున్నవి, పాతికేళ్ళ తర్వాత వాడుకున్నాను. కొండాపూర్‌లో మా బాల్కనీ నుంచి ఎదురు టవర్ వాళ్ళ టీవీ తప్ప ఏమీ కనపడదు. తొమ్మిదిన్నర దాటాక తూర్పున ఇసక అంచు మెల్లగా పసుపురంగు తిరిగింది. ఆ మధ్యలో మేం ఏం మాట్లాడుకున్నామో రాయను. పాలు, గ్యాసు గురించి మాత్రం కాదు.

మర్నాడు సాయంత్రం ఇద్దరు మాంగణియార్ గాయకులొచ్చారు. తరతరాలుగా పాడుతున్న ముస్లిం కళాకారులు వీళ్ళు. వీళ్ళని పోషించిన యజమానులు ఎక్కువగా రాజపుత్రులు, పెళ్ళికీ పుట్టుకకీ వీళ్ళే పాడాలి. ఒకాయన చేతిలో కమాయిచా అనే తీగల వాద్యం. ఆ వాద్యానికి సాకర్‌ఖాన్ గారికి 2012లో పద్మశ్రీ వచ్చింది, ఈ జిల్లా మనిషే. 2013లో పోయారు. ఇంత ఉన్నవాళ్ళని క్యాంపుల్లో కూర్చోబెట్టి హిందీ సినిమా పాటలు పాడమంటాం. మా మొహాలు చూసి వీళ్ళూ అదే మొదలెట్టబోయారు. "మీరు మీ ఇళ్ళల్లో పాడుకునేది పాడండి" అంటే మూమల్ కథ పాడారు.

ఆ కథ ఇక్కడిదే. మూమల్ అనే ఆమె లోద్రవాలో ఉండేది, జైసల్మేర్ కట్టక ముందటి రాజధాని అది. మహేంద్ర అవతల అమర్‌కోట్ వాడు, ఇప్పుడది పాకిస్తాన్ సింధ్‌లో ఉంది. రోజూ రాత్రి ఒంటె మీద ఎడారి దాటి వచ్చి, తెల్లారేలోగా వెనక్కి పోయేవాడు. ఒకరోజు ఆలస్యమైంది. వచ్చేసరికి మూమల్ పక్కన మగ వేషంలో ఎవరో నిద్రపోతున్నారు. ఆమె చెల్లెలే, సరదాకి మగ వేషం వేసుకుంది. అతను లేపి అడగలేదు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నిజం తెలిసేసరికి ఇద్దరికీ మిగిలింది చావే.

"అడిగుంటే సరిపోయేది. ఫోనైనా లేదు పాపం" అన్నాను నేను, తెలివిగా.

"ఫోనున్నవాడు మాత్రం ఏం అడిగాడు?" అంది మా ఆవిడ.

దీనికి నా దగ్గర సమాధానం లేదు. గాయకులకి డబ్బు మాత్రం చేతికే ఇచ్చాం. క్యాంపు ద్వారా పోతే వాళ్ళకి ఎంత చేరుతుందో ఎవరికి తెలుసు.

ఇంకొన్ని ముక్కలు త్వరగా చెప్పేస్తా. జైసల్మేర్ కోట 1156 నాటిది, 2013 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, ఇప్పటికీ లోపల వేల మంది కాపురం ఉంటున్నారు. లోపల హోటళ్ళున్నాయి, కిటికీలోంచి ఊరంతా బంగారంలా కనపడుతుంది, ఫోటోలు అదిరిపోతాయి. అయినా అక్కడ దిగకండి. బయట గడీసర్ చెరువు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకునే రోజుల్లో కట్టిన కోట అది. కుళాయిలొచ్చాక ఆ నీళ్ళు కింద మట్టికొండలోకి ఇంకి గోడలు కుంగాయి, 90లలో కొన్ని బురుజులు కూలాయి కూడా. ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో 1996లోనే చేరింది. మనం చేసే ప్రతి షవర్ స్నానం ఆ కొండ నెత్తినే. కింద ఊళ్ళో దిగితే కోట కూడా కనపడుతుంది, లోపలుంటే అదెక్కడ కనపడుతుంది చెప్పండి?

ఒంటె సవారీకి నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఒంటెబండి అడగండి, సిగ్గేం లేదు. మేం రెండోసారి అదే ఎక్కాం, ఇద్దరం ఒకే బండిలో. ఒంటెలు కూడా అంతకంతకు తగ్గిపోతున్నాయి, 2012లో దేశం మొత్తం మీద నాలుగు లక్షలుంటే 2019 పశుగణనలో రెండున్నర లక్షలే. మన రోళ్ళపాడులో ఒకప్పుడు కనపడిన బట్టమేక పిట్ట ఇప్పుడు ముఖ్యంగా ఈ జిల్లాలోనే మిగిలింది. పొద్దున్నే వెతుక్కుంటూ పోయాం, కనపడలేదు, చింకారా జింకలు మాత్రం కనపడ్డాయి. భర్తలు ఎలాగూ 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా చూద్దామంటారు. రానూపోనూ ఒక పూటంతా పోతుంది, ముందు ఆవిణ్ణి అడగండి. సరిహద్దు జిల్లా అన్న సంగతి గుర్తుంచుకుని బుకింగుకి ముందు వార్తలు కూడా చూసుకోవాలి, 2025 మేలో అక్కడి విమానాశ్రయం కొన్నాళ్ళు మూసేశారు.

ఇదంతా కుదించి మా కుర్రాడికి మర్నాడు చెప్పాను. బుద్ధిగా విన్నాడు, నోట్సు కూడా రాసుకున్నాడు. వారం తర్వాత కనపడితే ఏమైందని అడిగా.

"డీజే క్యాన్సిల్ చేయించానన్నా. డేటు కూడా మార్చా, చవితి పెట్టుకున్నాం. కొవ్వొత్తులు కూడా వద్దన్నా."

"మరి హంసలు?"

"హంసలు మాత్రం ఉండాలంది మా ఆవిడ."